పొగమంచు కొండ మీద మొక్కు మేక

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. సలాలా వానలు చూడబోతున్నాం, ఆ కాలంలో మీరక్కడ ఉన్నారు కదా, ఏమేం చూడాలి అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్లకు కావలసింది జలపాతాలు. నాకు గుర్తొచ్చేది ఒక మేకపిల్ల. అయినా అడిగారు కాబట్టి దారి చెప్తాను, దారిలో మేక కూడా వస్తుంది.

డెబ్బైల చివరి సంవత్సరాలు. నేను అరబ్బు దేశం పోయి సలాలాలో తాపీమేస్త్రీగా చేస్తున్నాను. కొండల్లో లడాయి ముగిసి ఎంతో కాలం కాలేదు. ఆ ఎండాకాలం పరంజా విరిగి ఇద్దరం కిందపడ్డాం. నేను లేచాను, నిజామాబాద్ వైపు మనిషి లేవలేదు. రూమ్‌లో పడుకుని మా ఊరి పోచమ్మకు మేకపోతును, మా మాటలో యాటను, మొక్కుకున్నాను. ఇంటికి పోయాక తీర్చుకోవచ్చు గానీ, సెలవు ఎప్పుడో. మొక్కు తీరకుండా మళ్లీ పరంజా ఎక్కబుద్ధి కాలేదు. బజారులో మేక నా జీతానికి అందదు. కొండ మీద సగం ధరకే ఇస్తారని లారీ డ్రైవర్ ఖలీల్ చెప్పాడు. కడప మనిషి. పైన కడుతున్న నీళ్ల ట్యాంకుకు సిమెంటు తోలేవాడు.

శుక్రవారం పొద్దున్నే చాయ్ తాగి బయల్దేరాం. కిరాయి ఒక సిగరెట్ పెట్టె. కొబ్బరి తోటలు దాటి, చెక్‌పోస్టులో కాగితాలు చూపించి ఘాట్ ఎక్కాలి. ఇప్పుడు తారు రోడ్డు, అరగంటలో పోతారు. అప్పుడది మట్టిదారి, పైకి చేరేసరికి పొద్దెక్కింది. అక్కడి వానాకాలాన్ని ఖరీఫ్ అంటారు. మనకు ఖరీఫ్ అంటే విత్తనాలు, ఎరువులు, షావుకారు. అక్కడ మాత్రం వాన అనడానికి కూడా వీల్లేని ఒక తడి. పడదు, ఆగదు, ఒంట్లోని బొక్కల్లోకి దిగుతుంది.

"మ్యాకను నేనే కోస్తాలేన్నా. మీ పోచమ్మ ఏమన్నా అంటాదా?" అన్నాడు ఖలీల్.

"ఏమంటది భాయ్. మా ఊళ్లె కోసేది సాయిబే. ఆమెకు అలవాటే."

"అట్లయితే తొడ నాది."

"ముందు మొక్కు తీరనియ్యి."

రాళ్లతో కట్టిన గుండ్రటి ఇంటి ముందు లారీ ఆగింది. సల్మా అనే ముసలమ్మ, ఆమె కొడుకు సాలెం అక్కడ మేకలు పెంచేవారు. పక్కనున్న గుహే మేకల దొడ్డి, దాని నోటికి ముళ్లకంప. సాలెం భార్య కొత్త బాలింత. ఆమెకు పాలు పడలేదు. గోధుమరంగు మేక ఒకటి పుష్కలంగా పాలిచ్చేది, దాని పాలతోనే పసిబిడ్డ బతుకుతోంది. అందులోనే మాకూ గిన్నెడు తెచ్చిచ్చింది ముసలమ్మ. వద్దంటే ఆ కొండ మీద పెద్ద తప్పు.

కొన్నాళ్లుగా చిరుత తిరుగుతోందట. మేకలను గుహ దాటనివ్వలేదు. మేత లేక పాలు తగ్గుతున్నాయి. ముసలమ్మ మాట ఖలీల్ నాకు చెప్పాడు: "లారీ సప్పుడుంది, మనుసులున్నారు, ఈ పొద్దు రాదులే అంటాంది." కంప ఆమే లాగేసింది.

మేకలు ఆత్రంగా గడ్డి మీద పడ్డాయి. గోధుమ మేక పోతుపిల్లను నేను బేరం చేసుకున్నాను. మా వైపు యాట వీపు మీద నీళ్లు పోసి చూస్తాం. అది ఒళ్లు జలదరించి విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. పొద్దుటినుంచి తడుస్తున్న పిల్ల మీద మళ్లీ నీళ్లేమిటని ఖలీల్ నవ్వాడు. పోశాను. ఒక్కసారిగా వణికింది.

"ఒప్పుకున్నది" అన్నాను.

ముసలమ్మ పిల్లను చూడడం లేదు. మేకలన్నీ మేయడం ఆపి పైవాలు వైపే చూస్తున్నాయి. "నిమ్ర్" అంది ఆమె. చిరుత అని. అంతలో మంచు మా మీదికి దిగింది. గిట్టల చప్పుడు, ఒక కేక, సాలెం తుపాకీ మోత. మంచు పలచబడ్డాక చూస్తే గోధుమ మేక లేదు. తడిగడ్డి మీద ఎర్రటి చార పైకి పోయింది.

చిరుత రుచి మరిగితే రోజూ వస్తుంది. ఇంటి వెనక సాలెం తాత కట్టిన రాతి బోను ఉంది. వెనక అరలో ఎరను కడతారు. దానికోసం చిరుత లోపలికి దూరితే తాడు జారి వాకిలికి అడ్డంగా బండ పడుతుంది. సున్నం లేకుండా కట్టినా సందులో వేలు దూరదు. మూల రాయి ఒకటి జారితే నేను సరిచేసి పెట్టాను. ఇక ఎర కావాలి. మిగిలినవన్నీ ఆడమేకలే, బిడ్డకు ఇక పాలు వాటివే, అందులో రెండు చూలువి.

"సాలెం నీ పిల్లను అడుగుతాండాడన్నా."

"పోచమ్మకు ఒప్పజెప్పిన యాట భాయ్ అది. ఇంకొకలకు ఇయ్యరాదు."

"అయితే ఆ బిడ్డకు పాలు యాడ తేవాలో మీ పోచమ్మనే అడుగు."

ఇంట్లో బిడ్డ ఏడుస్తూనే ఉంది. ఊరి పొలిమేర కాసేది పోచమ్మే, ఇదీ ఎవరిదో పొలిమేరే అనుకుని పిల్లను నేనే లోపల కట్టాను. అది ఇంకా వణుకుతూనే ఉంది. దిగేముందు ముసలమ్మ చాయ్ ఇచ్చింది. నల్ల చాయ్.

ఇప్పుడు ఆ కొండల్లో చిరుతలు బాగా తగ్గిపోయాయట, కాపాడాలని బోర్డులు పెట్టారట. మంచిదే. చిరుత మీద నాకు కోపం లేదు, దాని ఆకలి దానిది. కానీ ఆ బోర్డు మీద గోధుమ మేక బొమ్మ ఉండదు. వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే: మధ్యాహ్నం తిరగకముందే కొండ దిగండి, మేకలు మేయడం ఆపి ఒకవైపే చూస్తుంటే బండి దిగకండి.

తరువాతి శుక్రవారం ఖలీల్ ఒక్కడే పైకి వెళ్లొచ్చాడు. చిరుత రాలేదట. బండ పడలేదట. బోనులోకి నీళ్లు చేరి, పిల్ల రెండోనాడే చలికి చచ్చిపోయిందట. ఆ పూట రూమ్‌లో ఇద్దరం పప్పు వండుకున్నాం.