ఏసోబు మోటారు అమ్ముకోలేదు

ఏసోబు చెరువు గట్టు దిగి వెళ్ళిపోతుంటే నేను వెనక్కి పిలవలేదు. దిగేముందు ఒకసారి తిరిగి చూశాడు. నా వైపు కాదు, చెరువు అవతల కొట్టుకుంటున్న చిన్న మోటారు వైపు. అతన్ని చూడడం అదే ఆఖరు. పిలిచి ఉంటే? ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువంతా ఆ ప్రశ్నే. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తొంభైల మధ్యలో నేను బందరులో ఒక పత్రికకు విలేకరిని. వరి పొలాలన్నీ రొయ్యల చెరువులవుతున్న రోజులు. ఆశ పుట్టి నేనూ ఒక చెరువు కౌలుకు తీసుకున్నాను. రొయ్యలకు గాలి అందాలంటే నీళ్ళను చిలికే చక్రాలు తిరుగుతూ ఉండాలి. కరెంటు పోతే అవి ఆగుతాయి. ఆగితే రొయ్య పైకి తేలుతుంది, ఆ తర్వాత మిగిలేది కంపే. నాకు డీజిల్ మోటారు లేదు.

రేవులో మరబోట్లకు ఉండేది. పెద్ద ఇంజిన్ నడిసముద్రంలో మొరాయిస్తే, పొడవాటి కడ్డీకి ఫ్యాను బిగించిన చిన్న మోటారును వెనక నీళ్ళలోకి దించి, దాంతో ఒడ్డుకు చేరతారు. కడ్డీ ఊడదీసి బెల్టు తగిలిస్తే అదే మోటారు చెరువులో చక్రం తిప్పుతుంది. బోటు ఒడ్డునున్న రోజుల్లో డ్రైవర్లు దాన్ని చెరువులవాళ్ళకు ఇవ్వడం మామూలే. యజమానికి చెప్పరు. బోటు కదిలేలోగా తిరిగి చేరాలన్నదొక్కటే కట్టుబాటు.

ఏసోబు డ్రైవరు. రేవు కష్టాలు పేపర్లో రాస్తానని నేనంటే అతనికి గౌరవం. వలలు బాగుచేయడం అయ్యేదాకా ఉంచుకోమని మోటారు ఇచ్చాడు. ఇంతలో చేపలు పడుతున్నాయని కబురొచ్చి యజమాని తొందరపెట్టాడు. ఏసోబు గట్టు మీదికి వచ్చాడు.

"రేపు ఎల్తన్నామండీ బాబుగారూ. మోటారు ఇప్పించండి."

"నాలుగు రోజులు ఓపిక పట్టు ఏసోబూ. కరెంటు సంగతి చూస్తున్నావుగా. మీ పెద్ద ఇంజిన్ కొత్తదేగా?"

"కొత్తదేనండి. ఆ సంగతి సముద్రానికి తెలవదు గదండీ."

"తెరచాప పెట్టుకోరూ?"

నవ్వాడు. "తెరచాపా! ఆ యవ్వారం మా నాయనతోటే పోయిందండీ. ఇప్పుడు దాని మీద మాయావిడ మిరగాయలు ఎండబోసుకుంటంది." కాసేపు నీళ్ళకేసి చూశాడు. "పోన్లెండి. మాకన్నా మీ రొయ్యలే సుకుమారం."

గట్టు దిగాడు.

మోటారు లేదని యజమానికి చెప్పి ప్రయాణం ఆపలేడని నాకు తెలుసు. చెబితే ముందు పోయేది అతని పనే. ఆ క్షణంలో సముద్రం గురించి ఆలోచించలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆలోచించాను. ఆలోచించే, ఏం కాదులే అనుకున్నాను. ఆ మాట ఎవరి ప్రాణాల మీద అనుకుంటున్నానో తెలిసి మరీ అనుకున్నాను.

ఒడ్డు కనపడనంత దూరంలో పెద్ద ఇంజిన్ ఆగింది. గాలి లేచింది. నడక లేని బోటు అలకు ఎదురు నిలవలేదు, అడ్డం తిరుగుతుంది. తిరిగింది. బోల్తాపడింది. ఐసు పెట్టెలు పట్టుకుని తేలిన ఇద్దరు కళాసులను వేరే బోటువాళ్ళు ఎక్కించుకున్నారు. ఏసోబు దొరకలేదు.

చిన్న మోటారు ఏమైందని అడిగితే, విజయవాడలో రిపేరుకిచ్చానని ఏసోబు చెప్పాడన్నారు ఆ ఇద్దరూ. వాళ్ళకు కూడా నా పేరు చెప్పలేదన్నమాట. యజమాని వన్ టౌన్‌లో రిపేరు షాపులన్నీ తిరిగాడు. ఎక్కడా లేదు. అమ్ముకుని తాగేశాడని తేల్చాడు.

వార్త రాసింది నేనే. మోటారును డ్రైవరే అమ్ముకున్నట్లు యజమాని తెలిపారు, అని రాశాను. ఎవరు చెప్పారో రాస్తే చాలు, నిజానిజాల పూచీ మనది కాదని వృత్తి నేర్పింది. ఆ 'తెలిపారు' చాటున దాక్కున్నాను. వార్తలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. తర్వాత మోటారును మురుగుకాలువలోకి దొర్లించాను. ఆ పంటలోనే తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యలన్నీ చచ్చాయి. అవి బతికి ఉంటే మాత్రం నా తప్పు తగ్గేదా?

విజయవాడకు బదిలీ అయ్యాక గుణదల మేరీమాత తిరునాళ్ళ వార్త ఏటా నాకే పడేది. కొండ కింద జనంలో ఏసోబు భార్య మరియమ్మ నన్ను గుర్తుపట్టింది.

"మా ఆయన దొంగ కాదని ఒక్క ముక్క ఎయ్యండి బాబూ. మీరేస్తే జనం నమ్ముతారు."

"చూద్దాంలే అమ్మా" అన్నాను. ఆమె దండం పెట్టి, కొవ్వొత్తి పట్టుకుని మెట్లెక్కింది. ఆ తర్వాత కూడా ఏటా అదే అడిగింది, నేనూ అదే చెప్పాను. రెండువేల సంవత్సరం దాటాక రావడం మానేసింది. బందరు వెళ్ళి వాకబు చేశాను. ఇల్లు వదిలి వెళ్ళిపోయిందన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

ఆ ముక్క ఇదిగో. ఏసోబు మోటారు అమ్ముకోలేదు. నాకిచ్చాడు. అడిగితే నేను తిరిగివ్వలేదు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. ఇది ఆమెకు చేరదు. దీని కింద నా పేరు పెట్టే ధైర్యం ఇప్పటికీ లేదు.

ఆ రేవులో ఇప్పుడు బోటు ఒడ్డున ఉన్నంతకాలం చిన్న మోటారుకు గొలుసు చుట్టి తాళం వేస్తారు. దాన్ని ఏసోబు గొలుసు అంటారు.