నర్సింలు తాగిన మందు

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, ఒక ఏప్రిల్ నెలలో, ఢిల్లీలోని ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో నన్ను వెట్టింగ్ అధికారిగా వేశారు. అంతకుముందు ఇరవై ఆరేళ్లు అక్కడే తెలుగు–ఇంగ్లీషు అనువాదకురాలిని. వెట్టింగ్ అంటే అనువాదాన్ని మూలంతో పోల్చి సరిచూడటం. కింది స్థాయి అనువాదకుడు చిత్తుప్రతి రాస్తాడు. వెట్టింగ్ అధికారి ఎర్ర సిరాతో దిద్ది, ప్రతి పేజీ అడుగున సంతకం చేస్తారు. ఆ సంతకం పడ్డాక ఫైల్లో చెల్లేది ఇంగ్లీషు ప్రతి మాత్రమే. తెలుగు మూలాన్ని చివర అనుబంధంగా కుడతారు. దాన్ని చదవగలిగినవాళ్లు ఆ భవనంలో నలుగురో ఐదుగురో ఉండేవారు.

విభాగంలో నాకు ఒక పేరు ఉండేది. ఇంగ్లీషులో ఏ నామవాచకం పక్కన ఏ క్రియ, ఏ విశేషణం నిలుస్తుందో నన్ను అడిగేవారు. వానకు హెవీ అనాలి, గాలికి స్ట్రాంగ్ అనాలి. టీ చిక్కగా ఉంటే అదీ స్ట్రాంగే, హెవీ కాదు. మనం కల కంటాం, ఇంగ్లీషువాడు కలను 'హ్యావ్' చేస్తాడు. మనం పరీక్ష రాస్తాం, వాడు 'టేక్' చేస్తాడు. వ్యాకరణం తప్పు లేకపోయినా ఈ జతలు కుదరకపోతే వాక్యం పరాయివాడు మాట్లాడినట్టు ఉంటుంది. కొత్తగా చేరిన వాళ్లకు ఏటా రెండు వారాలు నేను చెప్పే పాఠం ఇదే. ఆ పాఠం బాగా చెప్పేదాన్ని. చెప్తున్నప్పుడు నా గొంతు నాకే నచ్చేది.

నర్సింలు ఆఫీసు కారు డ్రైవరు. మెదక్ వైపు మనిషి. హైదరాబాద్ శాఖ నుంచి బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలయింది. ఆర్.కె. పురం క్వార్టర్ల నుంచి ఇద్దరు అధికారులను రోజూ ఆఫీసుకు తీసుకురావడం అతని డ్యూటీ. ఆ వేసవిలో ఒక ఉదయం కారు మా ఆవరణ గేటు స్తంభానికి గుద్దుకుంది. వెనక కూర్చున్న అధికారి ఒకాయనకు మణికట్టు విరిగింది. సంఘటన ఆవరణలోపలే కాబట్టి పోలీసుల దాకా పోలేదు. శాఖాపరమైన విచారణ వేశారు. అతని వాంగ్మూలం తీసుకున్నది ఐదో రోజున, రక్తపరీక్షకు వేళ దాటిపోయాక. హిందీలో తడబడుతున్నాడని, నిబంధన ప్రకారం మాతృభాషలో చెప్పుకోనిచ్చారు. చెప్పింది రికార్డు చేసి, టైపు చేయించి మా విభాగానికి పంపారు. మొత్తం ఏడు పేజీలు.

మొదటి మూడు పేజీలు నేను సెలవులో ఉన్న రోజున ఇంకో అధికారి చూసి పంపేశారు. మిగిలిన నాలుగూ నా బల్ల మీదికి వచ్చాయి. ఐదో పేజీలో ఈ మాటలున్నాయి: "పొద్దుగాల ఇంట్లనే మందు తాగిన. జెర ఎక్కువనే తాగిన. కండ్లు మూతలు పడ్డయి. అయినా బండి తీసిన."

చిత్తుప్రతి రాసిన అమ్మాయి కిరణ్మయి. అనంతపురం నుంచి వచ్చి, జియా సరాయ్‌లో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదివి, ఆ ఏడే అనువాదకురాలిగా చేరింది. ఆమె 'డ్రాంక్ మెడిసిన్' అని రాసింది. చూడగానే నాకు చిరాకేసింది. మెడిసిన్ పక్కన డ్రింక్ రాదు, టేక్ రావాలి. నా పాఠంలో మొదటి రోజు చెప్పే విషయం అది.

ఆమెను పిలిచాను. "ఇంగ్లీషులో మందును తాగరమ్మా, తీసుకుంటారు. తాగాడు అని మూలంలో ఉందంటే అది మెడిసిన్ కాదు, లిక్కర్. పైగా ఎక్కువ తాగాను అంటున్నాడు, కళ్లు మూతలు పడ్డాయంటున్నాడు. ఇంకేం కావాలి నీకు?" అన్నాను.

"దగ్గు మందు కూడా తాగినామనే అంటాం కదా మేడం. ముందర పేజీలు ఒగసారి చూద్దామా?"

"అవి వెట్టింగ్ అయి వెళ్లిపోయాయి. వాటి గొడవ మనకెందుకు?" అన్నాను. ఆ పేజీల నకళ్లు పక్క గదిలో అల్మారాలోనే ఉన్నాయి. లేచి వెళ్లడానికి నిమిషం పట్టేది. 'డ్రాంక్ మెడిసిన్' కొట్టేసి 'కన్స్యూమ్డ్ లిక్కర్' అని రాశాను. "జెర ఎక్కువనే" అన్నదానికి 'హెవిలీ' అని చేర్చాను. తాగుడుకు హెవీ బాగా అతుకుతుంది. వాక్యం ఇంగ్లీషువాడు రాసినట్టే కుదిరింది. సంతకం చేశాను.

ఏడు వారాల తర్వాత మధ్యాహ్నం భోజనాల వేళ నర్సింలు మా గది గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో ఉద్యోగం నుంచి తొలగిస్తున్న ఉత్తర్వు. ఎవరో హిందీలో అర్థం చెప్పారట. తెలుగు మేడం ఎవరని అడుగుతూ వచ్చాడు. యాభై దగ్గరపడిన మనిషి, చొక్కా బొత్తాం గొంతు దాకా పెట్టుకున్నాడు.

"మేడం, నేను సారా తాగిన అని ఎప్పుడు చెప్పిన?" అని అడిగాడు.

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మూడు దినాల సంది దగ్గు ఉండె. మన డిస్పెన్సరీలనే సీసా ఇచ్చిన్రు. రాత్రి నిద్ర లేదని పొద్దున రెండు మూతలు ఎక్కువ తాగిన. గదే చెప్పిన. నేను కల్లు సుత ముట్టను మేడం. మీరు మనోళ్లే గదా, మీకు సమజ్ కాలేదా?"

జేబులోంచి డిస్పెన్సరీ చీటీ తీసి చూపించాడు. కిరణ్మయి తన బల్ల దగ్గర తల వంచుకుని కూర్చుంది. నన్ను ఒక మాట అన్నా బాగుండేది.

అతను వెళ్లాక మొదటి మూడు పేజీలు తీశాను. రెండో పేజీలోనే ఉంది, దగ్గు, డిస్పెన్సరీ, సీసా. ఆ అధికారి దాన్ని సరిగ్గానే దిద్దారు. విచారణాధికారి రెండూ చదివి, రెండూ నమ్మాడు. జబ్బుకు మందు తీసుకుంటూ కూడా ఉదయాన్నే మద్యం సేవించి బండి నడిపాడని, అందుకే శిక్ష తగ్గించడానికి వీల్లేదని ఉత్తర్వులో రాశాడు.

అనువాదంలో తప్పు పడితే దాన్ని సరిచేసే కాగితాన్ని కొరిజెండం అంటారు. దాన్ని జారీ చేయాలంటే జాయింట్ డైరెక్టర్ అనుమతి కావాలి. ఆయన హిందీవాడు, మర్యాదస్తుడు. నేను చెప్పిందంతా విని, "మేడం, మీరు తప్పు చేశారని రాస్తే మీ చేతి మీదుగా వెళ్లిన కేసులన్నీ తిరగతోడమంటారు. మూడేళ్లలో రిటైర్ అవుతున్నారు. ఛోడియే, వదిలేయండి. అతన్ని అప్పీలు చేసుకోనివ్వండి. మూలంలో మాట అస్పష్టంగా ఉందని ఒక నోట్ పెట్టండి, చాలు" అన్నారు.

పెట్టాను. మూల వాంగ్మూలంలోని పదానికి ఒకటికి మించి అర్థాలున్నాయని, వెట్టింగ్‌కు నా బల్ల మీదికి వచ్చిన పేజీల ఆధారంగా నిర్ణయం తీసుకున్నామని రాశాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ నింద మాత్రం నర్సింలు మాట మీద పడింది. అతను చక్కగా, తేటగా మాట్లాడాడు. అతని ఊళ్లో ఆ నాలుగు వాక్యాలు విన్న చిన్నపిల్లకైనా అర్థమయ్యేవి. నేను కోస్తా దాన్ని, నాకూ అర్థమయ్యేవే, తెలుగులో చదివి ఉంటే. కంటి ముందున్నవి తెలుగు అక్షరాలే అయినా, నేను వాటిని చదివింది ఇంగ్లీషులో.

అప్పీలు తేలడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ అతను మెదక్‌లో అద్దె ట్రాక్టరు తోలాడని తర్వాత తెలిసింది. చివరకు, పదం అస్పష్టం కాబట్టి సంశయ లాభం, అంటే బెనిఫిట్ ఆఫ్ డౌట్, ఇస్తున్నామంటూ తిరిగి తీసుకున్నారు. నిర్దోషి అని ఎక్కడా రాయలేదు. బండి తాళాలు కూడా ఇవ్వలేదు. గేటు దగ్గర సందర్శకుల రిజిస్టరు రాసే పనిలో వేశారు. లోపలికి వచ్చే డ్రైవర్లు అతన్ని చూసి చెయ్యి నోటి దగ్గర పెట్టి సీసా ఎత్తినట్టు సైగ చేసేవారు. నేను రోజూ అదే గేటులోంచి వెళ్లేదాన్ని. నమస్కారం పెట్టేవాడు, అందరికీ పెట్టినట్టే. ఒకసారి ఆగి, "బాగున్నారా నర్సింలుగారూ?" అన్నాను. "సంతకం పెట్టుండ్రి మేడం" అని రిజిస్టరు నా వైపు తిప్పాడు. ఉద్యోగులు ఆ రిజిస్టరులో సంతకం చేయనక్కర్లేదు. అయినా చేశాను.

కిరణ్మయి మరుసటి ఏడాది బదిలీ అడిగి వెళ్లిపోయింది. కారణం కుటుంబం అని రాసింది.

ఆ తర్వాత నా పద్ధతిలో మూడు మార్పులు చేసుకున్నాను. వాంగ్మూలం పూర్తిగా చేతికి రానిదే ఒక్క పేజీ మీద కూడా సంతకం చేయలేదు. చిత్తుప్రతిలో ఏ మాట కొట్టేసినా కారణం అంచున రాశాను. అనుమానం వస్తే మాట్లాడిన మనిషినే పిలిపించి అడిగాను. నేను ఐదో పేజీ మీద సంతకం చేసిన రోజు నర్సింలు రెండంతస్తుల కింద, మోటారు షెడ్డులో ఖాళీగా కూర్చుని ఉన్నాడు.

ఈ సంఘటనలో నేను తెలుసుకున్నది ఇంతే. ఏ క్రియ ఏ నామవాచకంతో కలుస్తుందన్నది ఇంగ్లీషు రాయడానికి పనికొచ్చే జ్ఞానం. తెలుగు మనిషి ఏమన్నాడో తేల్చడానికి అది పనికిరాదు. ఇంకొకటి, తప్పు అనే మాటకు ఇంగ్లీషులో 'డూ' కుదరదు, 'మేక్' అనాలి. 'ఐ మేడ్ ఎ మిస్టేక్' నాలుగు మాటల వాక్యం. అది నేను ఫైలు మీద రాయలేదు.