తిరగేసిన బ్యాటరీ

వినీలది మైలవరం. ఎం.టెక్. పూర్తిచేసి బెజవాడ పొలిమేరల్లోని ఒక ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరుగా చేరినప్పుడు, పదో తరగతి నుంచి ఉన్న ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆఫీసులో ఇచ్చింది. అందరూ ఇస్తారన్నారు, ఇచ్చింది. నాలుగేళ్లుగా అవి ప్రిన్సిపాల్ గదిలోని ఇనప బీరువాలోనే ఉన్నాయి.

ఆ నాలుగో ఏట హనుమాన్ జంక్షన్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే కంపెనీలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. చేరాలంటే ఒరిజినల్స్ చూపించాలి. ప్రిన్సిపాల్ వెంకటకృష్ణారావు గారిని అడిగింది.

"సెమిస్టర్ మధ్యలో ఎట్లా వదుల్తామమ్మా? పరీక్షలయ్యాక చూద్దాంలే," అన్నారాయన.

కంపెనీవాళ్లు కొన్నాళ్లు ఆగారు. తరువాత ఫోన్ చేయడం మానేశారు.

ఆ ఉక్రోషంలోనే ఆమె సర్క్యూట్స్ మిడ్ పరీక్షకు పేపరు తయారుచేసింది. ఆ కాలేజీలో ఏటా ఒకటే లెక్క. తీగలు కలిసే చోటు ఒకటి ఉంటుంది, దాన్ని నోడ్ అంటారు. దానికి మూడు దారులు, రెండింటిలో బ్యాటరీలు. నోడ్ దగ్గర వోల్టేజి ఎంతో కనుక్కోవాలి. జవాబు ఎనిమిదని సీనియర్లు జూనియర్లకు చెప్పేస్తారు. వినీల అంకెలేవీ మార్చలేదు. పన్నెండు వోల్టుల బ్యాటరీని మాత్రం తిరగేసి గీసింది.

క్లాసు క్లాసంతా ఎనిమిదే వేసింది.

ప్రిన్సిపాల్ పిలిపించారు. "ఇంతమంది తప్పితే పేరెంట్స్ ఊరుకుంటారా? పాత లెక్కే ఇచ్చి మళ్లీ పెట్టండి."

"బ్యాటరీ ఎటుందో కూడా చూడలేదండీ పిల్లలు."

"క్లాసులో చూపించండి. పేపర్లో మాత్రం పాతదే ఉండాలి."

మర్నాడు క్లాసులో తిరగేసిన బొమ్మనే బోర్డు మీద వేసింది. "ముందు ఒక చోటు సున్నా అనుకోండి. అదే గ్రౌండ్. వోల్టేజి అక్కణ్నుంచే కొలుస్తాం. నోడ్‌లోకి ఎంత కరెంటు వస్తే అంతా బయటికి పోవాల్సిందే. ఒక్కో దారికీ రాసుకుని కూడండి."

చల్లపల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న శ్రీదుర్గ అందరికంటే ముందు రాసేసి, మళ్లీ ఏదో చెరిపేస్తోంది. వినీల దగ్గరికెళ్లి చూసింది. నాలుగు ముందు చెరిపిన గీత కనిపించింది.

"ఎందుకు చెరిపావు?"

"వోల్టేజి మైనస్ వచ్చిద్దా మేడమ్? తప్పు చేశాననుకున్నా."

"వస్తుంది. ఆ చోటు గ్రౌండ్ కంటే దిగువన ఉందని అర్థం, అంతే. నువ్వు చేసింది కరెక్టు."

"అయితే ఎనిమిది ఎక్కడ్నుంచి వచ్చింది మేడమ్?" వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. మూడు నెలల్లో ఆ బెంచీ నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. గంట కొట్టినా వినీల చెబుతూనే ఉంది.

మళ్లీ పెట్టిన పరీక్షలో పాత లెక్క వచ్చింది. అందరూ పాసయ్యారు.

సెమిస్టర్ ముగిశాక, ఈసారి గట్టిగా అడగాలనే ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. "పరీక్షలైపోయాయి సార్. నా సర్టిఫికెట్లు ఇప్పించండి."

ఆయన బీరువా వైపు చూశారు. "తాళాలు చైర్మన్ గారి దగ్గరుంటాయి. గుడివాడ కాలేజీవాళ్లు ఉద్యోగానికి పిలిస్తే ఆయన్ని నేనూ అడిగా. చూద్దామన్నారు." గొంతు తగ్గించారు. "నావీ అందులోనే ఉన్నాయమ్మా."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంటే చూడలేక వినీల బయటికి వచ్చేసింది.

జూన్‌లో కొత్త టైమ్‌టేబుల్ వచ్చింది. సర్క్యూట్స్, రెండు సెక్షన్లు. కింద ప్రిన్సిపాల్ సంతకం ఉంది. అందినట్టు దాని పక్కనే వినీల తన సంతకం పెట్టింది.