హమ్మూ చేతి మహిమ

మొరాకోలో సినిమాలు తీసే ఊరు మా వర్జాజాత్‌లో సగం మంది తెర మీద చచ్చి బతికినవాళ్లే. నేనూ ఓసారి బానిసగా చచ్చాను, మధ్యాహ్నం భోజనం పెట్టారు. మహిమ అంటుకున్నది మాత్రం మా పక్కింటి హమ్మూ ఒక్కడికే.

గ్రహాంతరాల కథేదో తీశారు. అందులో హమ్మూ గుడ్డి సాధువు. "శక్తీ లేదు, గిక్తీ లేదు" అని ఒక సిపాయి ఎగతాళి చేస్తాడు. హమ్మూ చెయ్యెత్తుతాడు. ఇసుకలో కూరుకుపోయిన అంతరిక్ష ఓడ గాల్లోకి లేస్తుంది, సిపాయి మోకాళ్ల మీద పడతాడు. అంతే! ఆ ముక్క ఫోన్లలో పడిందో లేదో, ఆడవాళ్లు చక్కెర దిమ్మలు పట్టుకుని హమ్మూ గుమ్మంలో వాలారు. పుణ్యపురుషుడి దగ్గరికి వట్టి చేతులతో వెళ్తారా ఎవరైనా? తలనొప్పికి ఒకరు, పాలివ్వని మేకకు ఒకరు.

తమాషా ఏంటంటే, మహిమల్ని నమ్మని మొండిఘటం మా వీధిలో హమ్మూ ఒక్కడే. భార్య ఇట్టో పోయాక మరీ మొండికేశాడు.

"అది క్రేనమ్మా! తీగ కట్టి లాగారు!" అని మొదటిరోజు మొత్తుకున్నాడు.

వింటేనా! "గొప్పవాళ్లెప్పుడూ ఒప్పుకోరు" అంటూ వాళ్లే టీ కాచేశారు. ఇట్టో పోయాక ఆ ఇంట్లో రెండో గ్లాసు తీయగా నేను చూడలేదు. ఆ చలికాలం గ్లాసులు చాలక మా ఇంట్లోంచి పట్టుకెళ్లారు. హమ్మూ మొత్తుకోవడం మానేశాడు. నాకు ఒళ్లు మండింది.

"సిగ్గులేదటయ్యా? నిన్న తీగ, ఇవాళ మహిమానా?" అన్నాను గోడ మీంచి.

"నీకేం తల్లీ, నీ కోడళ్లు పొద్దస్తమానం వాగుతూనే ఉంటారు" అన్నాడు.

చలి తగ్గుముఖం పట్టాక, కొండ మీది పల్లె నుంచి ఒక తల్లి జ్వరంతో కాలిపోతున్న పసిపిల్లను తెచ్చింది. దారిలో ఆసుపత్రి దాటి మరీ వచ్చిందట. హమ్మూ పిల్ల నుదురు ముట్టుకుని హడలిపోయాడు.

"నా చేతిలో ఏముంది, మట్టిగడ్డ! అంతా అబద్ధం!" వీధంతా వినేలా అరిచి, తనే వాళ్లను టాక్సీ ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

పిల్ల బతికింది. హమ్మూ గుమ్మం తొక్కేవాళ్లే లేకపోయారు. "దొంగ! మన చక్కెరంతా మింగాడు" అన్నారు, ఆ టీ తాగిన నోళ్లతోనే.

రంజాన్ వచ్చింది. ఉపవాసం విడిచే వేళ గోడ అవతల ఒక్క చెంచా చప్పుడు. రమ్మని పిలిస్తే రాడు. ఓ సాయంత్రం నేను గోడ మీంచి చూస్తుండగా, దిగువ వీధి ముసలామె తూదా, చంకలో చక్కెర దిమ్మతో వచ్చి తలుపు తట్టింది.

"పోవమ్మా! తీగ అని ఎన్నిసార్లు చెప్పాలి?"

"తెలుసులేవయ్యా. ఆ క్రేను తోలింది మా తమ్ముడే."

"మరి చలికాలమంతా ఎందుకొచ్చినట్టు?"

"నెత్తి మీద చెయ్యేసేవాళ్లు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు" అంది తూదా.

హమ్మూ ఆమె తల ముసుగు మీద చెయ్యి పెట్టాడు, తీయడం మరిచిపోయాడు. ఉపవాసం విడవమని మసీదు బాంగు వినబడింది, ఇద్దరూ కదల్లేదు. నేను గోడ దిగి, కోడళ్లకు కనబడకుండా వంటింట్లో కూచుని ఏడ్చాను.