కెల్విన్ వస్తున్నాడు

క్లారీ తాతకి ఉన్నది ఒకటే జబ్బు. పక్కన ఖాళీగా ఉన్న చోటు ఖాళీ అని ఛస్తే ఒప్పుకోడు.

బస్సెక్కితే పక్క సీటులో టోపీ పెడతాడు. ఎవరైనా వచ్చి "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అంటే "ఉన్నాడు. వస్తున్నాడు" అంటాడు. నడుస్తున్న బస్సులోకి ఎలా వస్తాడయ్యా అంటే "అదే నేనూ చూస్తున్నా" అని కిటికీలోంచి తొంగిచూస్తాడు. పళ్ళ డాక్టరు దగ్గర పక్క కుర్చీకి తన కోటు తొడిగేస్తాడు. పబ్బులో పక్క స్టూలు ముందు ఇంకో బీరు గ్లాసు పెట్టిస్తాడు. వచ్చేవాడు రాకపోయినా ఆ గ్లాసు మాత్రం ఖాళీ అవుతుంది. ఎలా అవుతుందో మల్లారా ఊరందరికీ తెలుసు.

ఆ వచ్చేవాడి పేరు కెల్విన్. కెల్విన్ ఎవరని అడిగితే ఊళ్ళో వాళ్ళు నవ్వి ఊరుకుంటారు. తాతని అడిగితే "వచ్చాక నువ్వే చూస్తావుగా" అంటాడు.

ఇంట్లో ఇమ్మీ అని పిలిచే ఇమోజెన్‌కి ఇదంతా చిరాకు. ఆ పిల్లకి పదిహేనేళ్ళు. అమ్మా నాన్నా విడిపోయాక, పోయిన చలికాలంలో అమ్మతో ఈ ఊరొచ్చింది. క్లారీ తాత వాళ్ళ అమ్మమ్మకి తమ్ముడు. కొత్త బడిలో భోజనాల వేళ ఇమ్మీ లైబ్రరీకి పోయి, పుస్తకం చాటున శాండ్‌విచ్ తింటుంది. ఒంటరిగా ఉండటం కన్నా ఒంటరిగా ఉన్నట్టు నలుగురికీ కనబడటం ఎక్కువ బాధ. ఆ వయసులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ వయసు దాటినవాళ్ళు ఒప్పుకోరు.

అలాంటి పిల్ల ఈసారి ధైర్యం చేసింది. ఏటా వేసవి చివర్లో, ద్రాక్ష కోతలకి ముందు, ఊరి బయట తోట పక్క గుట్ట మీద పాత రాక్ బ్యాండుల కచేరీ పెడతారు. సైన్సు క్లాసులో తన పక్కన కూచునే డార్సీని అడిగింది. "చూద్దాంలే, రావచ్చు" అంది డార్సీ. ఆ "రావచ్చు"ని పట్టుకుని ఇమ్మీ ఇంటికెళ్ళి "మా ఫ్రెండు వస్తోందమ్మా" అని చెప్పేసింది. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే ఆ తల్లి సంబరం చూడాలి! ఆ సాయంత్రం డ్యూటీ ఉన్నా పొద్దున్నే లేచి, కొబ్బరి తురుములో దొర్లించిన చాక్లెట్ కేకు ముక్కలు డబ్బా నిండా చేసింది. "ఆ పిల్లకి ముందు పెట్టు" అని పదిసార్లు చెప్పింది.

ఇంకేం, డార్సీ రాకపోతే ఆ డబ్బా మూత ఎలా తీయాలి? ఇంటికొచ్చి అమ్మ మొహం ఎలా చూడాలి?

కచేరీకి ఓ పద్ధతుంది. మధ్యాహ్నం గేటు తీస్తారు. ఎవరు ముందు పరిగెత్తి ఎక్కడ దుప్పటి పరిస్తే, కచేరీ ముగిసేదాకా ఆ నేల వాళ్ళదే. ఆ ఒక్కరోజూ మల్లారాలో ఎవరికీ మోకాళ్ళ నొప్పులుండవు. కర్ర పట్టుకుని నడిచేవాళ్ళు కర్రనే ముందుకు విసిరి, అది పడినచోటల్లా నాదే అంటారు.

అందరూ దుప్పట్లు తెస్తారు. క్లారీ తాత గడ్డిలారీ మీద కప్పే టార్పాలిన్ పట్టా తెచ్చాడు. ముక్కుకి ఎండ తగలకుండా తెల్లటి మందు పూసుకుని, పట్టా భుజానేసుకుని, మేకపోతులా గుట్టెక్కేశాడు.

"పిల్లా! ఆ మూల పట్టుకో! లాగు! ఇంకా లాగు!"

"తాతా, మనం ఇద్దరమే కదా. దీనిమీద పెళ్ళి చేయొచ్చు."

"ఇద్దరమేంటి? కెల్విన్ లేడూ? నీ ఫ్రెండు లేదూ?"

పట్టా గొర్రెల వాసన కొడుతోంది. ఇమ్మీ చుట్టూ చూసి, బడివాళ్ళెవరూ లేరని రూఢి చేసుకుని కూచుంది. పక్కనే మార్లీన్ అనే పెద్దావిడ అప్పటికే మడతకుర్చీ వేసుకుని, చేతిలో అల్లిక పట్టుకుని యుద్ధానికి సిద్ధంగా ఉంది.

"క్లారీ, నీ గొర్రెల పట్టా నా కుర్చీ కిందికొచ్చింది."

"నీ కుర్చీయే నా పట్టా మీదికొచ్చింది. లే."

"అంత చోటు దేనికయ్యా? పాతిపెట్టడానిక్కూడా అంత అక్కర్లేదు."

"కెల్విన్ కాళ్ళు పొడుగు."

మార్లీన్ అల్లికలోకి తల దూర్చేసింది. నవ్వాపుకోలేక భుజాలు మాత్రం ఊగాయి.

జనం నిండుతున్న కొద్దీ అడిగేవాళ్ళు మొదలయ్యారు. ఐసుపెట్టెలు మోసుకుంటూ ఓ కుర్రగుంపు వచ్చింది. "ఇక్కడ ఖాళీయేనా, పెద్దాయనా?" "మనిషున్నాడు." "ఎక్కడ?" "కారు పెడుతున్నాడు." తర్వాత మొగుడూ పెళ్ళాం వచ్చారు. "సాసేజి కొనడానికెళ్ళాడు. ఉల్లిపాయలు ఎక్కువ వేయించుకుంటాడు, ఆలస్యమవుద్ది." ఆ తర్వాత పచ్చగా మెరిసే చొక్కా వేసుకుని కచేరీ వాలంటీరు ట్రెవర్ వచ్చాడు.

"క్లారీ, పోయినేడు కూడా ఇదే చెప్పావు. ఆ కెల్విన్ ఎక్కడ?"

"టాయిలెట్ క్యూలో ఉన్నాడు."

"పోయినేటి నుంచా?"

"క్యూ అలా ఉంది మరి. నువ్వు వాలంటీరువి, ఆ సంగతి చూసుకోవాల్సింది నువ్వు కాదూ?"

ట్రెవర్ టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. వాదించి గెలిచిన మొహం పెట్టుకుని తాత ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఇమ్మీ ఫోను మోగింది, మెసేజి. డార్సీ. "సారీ, రాలేను. ఇంట్లో పనుంది."

సరే, పనులుంటాయి అనుకుంది ఇమ్మీ. అనుకుని తలెత్తింది. గుట్ట కింద, స్టేజీకి దగ్గర్లో, ఎర్రగళ్ళ దుప్పటి మీద డార్సీ. పక్కన క్లాసులోని పిల్లలు. ఒకత్తె డార్సీ జుట్టు అల్లుతోంది. అంతా ఒకేసారి పగలబడి నవ్వారు. ఆ నవ్వు తన గురించి కాదని ఇమ్మీకి తెలుసు. తన గురించి నవ్వడానికైనా తను వాళ్ళకి గుర్తుండాలి కదా.

"ఏమే, నీ ఫ్రెండు ఇంకా రాలేదు?" అన్నాడు తాత.

నిజం చెబుదామనే నోరు తెరిచింది. బయటికొచ్చింది ఇంకోటి.

"టాయిలెట్ క్యూలో ఉంది, తాతా."

తాత ఆ పిల్లని ఓ క్షణం చూశాడు. ఆమె చూపు పోయిన వైపు ఎర్రగళ్ళ దుప్పటినీ చూశాడు. టీ ఊదుకున్నాడు.

"ఆఁ, ఇవాళ క్యూ పెద్దదేలే. మా వాడూ అక్కడే ఉన్నాడు."

కాపర్ డింగోస్ బ్యాండువాళ్ళు స్టేజీ ఎక్కారు. తాత కుర్రతనంలో వాళ్ళని వినడానికి జనం ఇళ్ళలోంచి పారిపోయి వచ్చేవారట. ఇప్పుడు ఆ జనమే మందులేసుకుని వచ్చారు. పాడేవాడికి మోకాళ్ళు రెండూ మార్చారు. పాట మధ్యలో గాల్లోకి ఎగరడం వాడి ప్రత్యేకత. ఈసారి ఎగిరాడనే అందరం అనుకోవాలి, మడమలైతే లేచాయి. అయినా గిటారు మోగగానే గుట్ట మొత్తం లేచి నిలబడింది. తాతలు నడుములు తిప్పుతున్నారు, అవ్వలు ఈలలు వేస్తున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు భుజాల మీద చేతులేసుకుని ఒకే పాట పాడుతున్నారు. ద్రాక్షతీగల వెనక పొద్దు వాలుతోంది.

అంతమంది పాడుతున్నచోట ఊరికే నిలబడటం ఎంత కష్టమో ఇమ్మీకి ఆవేళ తెలిసింది. లైబ్రరీలో అయితే పుస్తకమన్నా అడ్డం ఉంటుంది. ఫోను మళ్ళీ మోగింది. అమ్మ. "డార్సీ వచ్చిందా? కేకు నచ్చిందా?" ఇమ్మీ ఫోను బోర్లా పెట్టేసింది.

పిల్లలతో ఓ కుటుంబం వచ్చి అడిగింది. తాత మామూలుగానే గర్జించాడు. ఇమ్మీకి ఇక ఓపిక లేకపోయింది.

"ఇచ్చెయ్ తాతా వాళ్ళకి. ఎవరూ రారు. నా ఫ్రెండు రాదు, నీ కెల్విన్ లేనే లేడు."

"ఆ కుటుంబానికేమే, ఎక్కడ కూచున్నా అందరూ ఒకచోటే ఉంటారు" అన్నాడు తాత. "ఈ చోటు ఇచ్చేస్తే రావాల్సినవాడు వచ్చి ఎక్కడ కూచుంటాడు?"

"రావాల్సినవాడు ఎవరు?"

తాత లేచి నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి గుట్ట అదిరేలా అరిచాడు.

"కెల్విన్! ఒరేయ్ కెల్విన్! ఎక్కడ చచ్చావురా ఇంతసేపు?"

ఇమ్మీ గబుక్కున తిరిగి చూసింది. బట్టతలాయన ఒకడు, చంకలో ఒకే ఒక మడతకుర్చీ, బాట పక్కన ఆగిపోయాడు. ఇందాకటి నుంచి ఎవరినో వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిరుగుతున్నది ఆయనే. ఎవరినీ వెతకడం లేదని జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది.

"నేను... కెల్విన్‌ని కాదండీ."

"ఇప్పుడు నువ్వేలే. పొద్దుట్నుంచీ నీ చోటు కోసం ఊరందరితో తగాదా పడుతున్నా. నోరెండిపోయింది. కూచో!"

ఆయన మొహంలో భయం పోయి ఇంకేదో వచ్చింది. చెప్పులు విప్పి, గుడిలోకి వచ్చినట్టు పట్టా మీదికొచ్చి కూచున్నాడు. తాత ఆయన చేతిలో టీ పెట్టాడు. "కాళ్ళు పొట్టిగా ఉన్నాయే నీకు" అని కొంచెం నిరాశ పడ్డాడు కూడా.

మార్లీన్ వంగి ఇమ్మీ చెవిలో చెప్పింది. "మా ఆయన చనిపోయిన ఏడు టిక్కెట్టు వృథా కాకూడదని ఒక్కదాన్నే వచ్చా. ఆ కంచె పక్కనే తిరుగుతున్నా. కెల్విన్, ఎక్కడ చచ్చావురా అని మీ తాత తిట్టాడు నన్ను. ఆడమనిషినని కూడా చూళ్ళేదు."

"మరి మీరేమన్నారు?"

"ఏమంటా? వచ్చి కూచున్నా. అప్పట్నుంచి పక్కనే నా కుర్చీ వేసుకుంటున్నా. చోటు కోసం ఏడాదికోసారి పోట్లాడకపోతే ఇద్దరికీ అరగదు."

పాట అయిపోయింది. చప్పట్లు. ఇమ్మీ కంచె వైపు చూసింది. ఎర్రగళ్ళ దుప్పటి కోసం కాదు. ఈసారి విడిగా ఉన్నవాళ్ళ కోసం చూసింది. అలా చూడటం మొదలెడితే కనబడతారు.

కంచె దగ్గర ఓ పిల్ల, తనకన్నా పెద్ద సైజు నల్లచొక్కా, కళ్ళ మీద పడే జుట్టు. లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కూచునే పిల్ల! ఇన్నాళ్ళూ ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు ఎంత శ్రద్ధగా నటించారో. ఆ పిల్ల ఫోను చెవికి పెట్టుకుని తల ఊపుతూ తిరుగుతోంది. ఫోనులో అవతల ఎవరూ లేరు. ఆ విద్య ఇమ్మీకీ వచ్చు.

పిలిస్తే బడివాళ్ళు వింటారు. డార్సీ వింటుంది. ఆ పిల్ల తిరిగి చూడకుండా వెళ్ళిపోతే? పక్కనే ఖాళీగా ఉన్న చోటు చూసింది. సాయంత్రమంతా దాన్ని కాపాడిన ముసలాయన ముక్కు మీద మందు కరిగి మీసాల్లోకి కారుతోంది.

ఇమ్మీ లేచింది.

"కెల్విన్!"

మార్లీన్ తిరిగింది. బట్టతలాయన తిరిగాడు. పై వరసలో ఇంకా ఎవరెవరో తిరిగారు. ఆ గుట్ట మీద ఎంతమంది కెల్విన్‌లు ఉన్నారో!

"నిన్నే! ఎక్కడ చచ్చావే ఇంతసేపు? నీ చోటు కోసం చచ్చిపోతున్నాం ఇక్కడ!"

ఆ పిల్ల ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. పట్టా వంక చూసింది, తాత వంక చూసింది, ఇమ్మీ వంక చూసింది. మెల్లగా ఫోను దించింది.

"టాయిలెట్ దగ్గర..." అంది సందేహంగా. తర్వాత గొంతు పెంచి అరిచింది. "క్యూ చాలా పెద్దగా ఉంది!"

"నేను చెప్పలా?" అన్నాడు తాత, ట్రెవర్ ఎక్కడున్నాడా అని వెతుకుతూ.

దగ్గరికొచ్చాక తెలిసింది, గాలి తాత తగాదాలన్నిటినీ కంచె దాకా మోసుకెళ్ళిందట. అసలు పేరు హెస్టర్ అట. దానికన్నా కెల్వినే నయం అంది. ఇమ్మీ డబ్బా మూత తీసి ముందు ఆ పిల్లకే పెట్టింది. ఇద్దరూ ఏం మాట్లాడుకోవాలో తెలియక కొబ్బరి తురుము నములుతుంటే, స్టేజీ మీద ముసలాయన మళ్ళీ మడమలు ఎగరేశాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

ఫోను మళ్ళీ మోగింది. అమ్మ. "డార్సీ వచ్చిందా లేదా?"

ఇమ్మీ వేళ్ళకంటిన చాక్లెట్ పట్టాకి తుడుచుకుని జవాబు కొట్టింది.

"డార్సీ రాలేదు. కెల్విన్ వచ్చింది."