పెట్టెతో రాని బూట్లు

స్మార్ట్‌ఫోన్లు మా జగిత్యాల పల్లెలకు కొత్తగా వచ్చిన ఏడాది, ఎండాకాలంలో, నన్ను అంబులెన్సు డ్రైవర్‌గా వేశారు. అంతకుముందు కోరుట్లలో లారీ నడిపేవాణ్ని. బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుంది, స్టీరింగు మాత్రం రిటైరయ్యేదాకా వదల్లేదు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్లను హైదరాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి ఊరికి చేర్చడం మా పని. కార్గోలో శవపెట్టె మీది పేరూ పాస్‌పోర్టులోని పేరూ కలిశాయో లేదో చూసి సంతకం పెట్టాలి. ఊళ్లో ఇంటివాళ్లు సంతకం చేస్తే పని ముగిసినట్టు. తేడా వస్తే మొదట పట్టుకునేది డ్రైవర్‌నే. ఖాళీ బండిలో నా నోరు ఆగదు గానీ, వెనక పెట్టె ఉంటే దానికీ బ్రేకే.

ఒకసారి ఇబ్రహీంపట్నం దగ్గరి ఊరికి మల్లేశం పెట్టె తెచ్చాను. కల్లు గీత సాగక దుబాయి పోయిన మనిషి. పెట్టెతో పాటు ఒక బ్యాగు వచ్చింది. పెట్టె దించుతుండగానే బ్యాగు అతని భార్య స్వరూపకు అందించాను. ఆమె అందులో వెతికింది. బట్టలు, రేజరు, అరిగిన స్లిప్పర్లు. ఏడుపు ఆగిపోయింది.

"అన్నా, బూట్లేవి?"

నాకు తెలియదన్నాను.

"నల్ల బూట్లు. మొదటి జీతంతోని కొన్న అని చెప్పిండు. శుక్రారం శుక్రారం వీడియో కాల్ల గవే తొడుక్కొని, కాళ్లు కనవడేటట్టు దూరం నిలవడి మాట్లాడుతుండె. ఇంటికి గవే ఏసుకొని అస్త అన్నడు. గవి లేవంటే ఈ బ్యాగు ఆయనది గాదు. గా పెట్టె గూడ ఆయనది గాదు. నేను తీసుకోను."

అక్కడ పెట్టెలు మారుతుంటాయని ఒకాయన అన్నాడు. ఇంకొకాయన నన్ను చూసి, "తొవ్వల బ్యాగు ఇప్పినవా డ్రైవరన్నా?" అన్నాడు. అందరూ నా కాళ్లు చూశారు. హవాయి చెప్పులు. నాలుక మీదికి వచ్చిన జోకు మింగాను. ఎందుకంటే నాకూ అనుమానం పట్టుకుంది. పేరు కలిసింది, సరే. మనిషి?

పక్కింటి నర్సవ్వ కొడుకు రవి, మల్లేశం దుబాయిలో ఒకే లేబర్ క్యాంపులో, ఒకే రూంలో ఉండేవాళ్లు. రవికి ఫోన్ చేద్దామని నర్సవ్వ తన ఫోన్ తీసింది. తెర మీద రవి ఫొటో, కాళ్లకు నల్ల బూట్లు, కుడి బూటు ముక్కు మీద తెల్లటి గీత.

"గా గీత మా ఆయన బూటు మీదిదే. నీ కొడుకు కాళ్లకెట్లచ్చినయి అత్తా?"

"నా కొడుకు దొంగనా పిల్లా? వాడు కొనుక్కున్నయవి."

ఇద్దరూ గొంతు పెంచారు. పెట్టె దగ్గర ఎవరూ లేరు. ఫోన్ నేనే తీసుకొని రవికి కలిపి, స్పీకరు పెట్టి సంగతి చెప్పాను.

"గవి రూం బూట్లు అన్నా. అందరం కలిసి కొన్నం. ఇంటికి ఫోన్ చేసెటోడు తొడుక్కుంటడు. పాలిష్ పెట్టుడు మాత్రం మల్లన్న పనే. బ్యాగుల పెడ్దామనుకున్నం. పెడితే మిగిలినోళ్లం ఇంటికి ఏం జూపియ్యాలె?"

మల్లేశాన్ని పెట్టెలో పెట్టేటప్పుడు ఎవరు చూశారని అడిగాను. తానే చూశానన్నాడు. నర్సవ్వ నా చేతిలోంచి ఫోన్ తీసుకొని కట్ చేసింది.

రోజులు గడిచిన శవం, తెరవొద్దని పెద్దమనుషులు అన్నారు. "తెరువుండ్రి" అంది స్వరూప. మేకులు నేనే ఊడదీశాను. ఆమె ముఖం చూసింది, గుడ్డ జరిపి పాదాలూ చూసింది. "ఆయనే" అని సంతకం పెట్టింది.

ఆ తర్వాత నేను వరుస మార్చుకున్నాను. ముందు పెట్టె, ముఖం చూశాక సంతకం, చివర బ్యాగు. కొత్త డ్రైవర్లకూ అదే నేర్పాను. బ్యాగు ముందు చేతికిస్తే ఇంటివాళ్లు ఫోన్‌లో చూసిన మనిషిని అందులో వెతుకుతారు. అతను దొరకడు. అందాకా పెట్టె ఎండలో ఉంటుంది.