ముక్కు లేని పడవ

నాకు పదేళ్ల వయసులో, విశాఖలో పడవలు చేసే షెడ్డులో వడ్రంగిగా ఉన్న మా మేనమామ సెలవు పెట్టి సూర్యాపేటకు మా ఇంటికి వచ్చాడు. నాకు తెరచాప పడవ చేసిస్తానని చాలా రోజుల కిందటే మాటిచ్చాడు. రెండు ప్లైవుడ్ షీట్లు తెచ్చి మా వాకిట్లోనే పని మొదలుపెట్టాడు. పది రోజులకు పడవ తయారైంది. తీరా చూస్తే దానికి ముక్కే లేదు. ముందు భాగం కోసేసినట్టు చదునుగా ఉంది.

"ఇది పడవనా? బర్రెల కుడితి తొట్టి లెక్కున్నది" అని వాడకట్టు పిల్లలు నవ్వితే నాకు ఏడుపొచ్చింది.

మామ మాత్రం ఏమీ అనుకోలేదు. ఎక్కడో అమెరికాలో పడవలు చేసే ఒకాయన్ని, మామూలు ఇళ్ల పిల్లలు కూడా నడుపుకునేంత చవకలో పడవ కావాలని అడిగారట. రెండు షీట్లలోనే అంతా సరిపోవాలి, పొడవు షీటును దాటకూడదు. అందుకని ఆయన మొన తీసేశాడట. ఇప్పుడు దేశదేశాల్లో పిల్లలు నేర్చుకునే మొదటి పడవ అదేనని మామ చెప్పాడు.

దానికి ఒక తెరచాప, వెనక చుక్కాని, నడుమ సందులోంచి నీళ్లలోకి దించే ఒక పలక ఉండేవి. ఆ పలక నా మోకాళ్లకు తగిలేది.

"ఇదెందుకు మామా? నీళ్లల్లకు పోతే కానరానే రాదు."

"వద్దనుకుంటే తీసెయ్ బిడ్డా" అన్నాడు.

మర్నాడు మూసీ ప్రాజెక్టు నీళ్లలో పడవ దించాం. పలకను లాగి కాళ్ల దగ్గర పడేశాను. ఇద్దరం ఎక్కాం. గాలి అందుకోగానే పడవ ముందుకు పోవాల్సింది పోయి పక్కకు జారసాగింది. చుక్కాని తిప్పాను, తాడు లాగాను. ఏం చేసినా జారుతూనే ఉంది. ఒడ్డు దూరమైపోతోంది. మామ తీరిగ్గా పల్లీలు తింటున్నాడు.

"మునుగుతం మామా!"

"మరేం చేస్తవ్?"

ఏడుస్తూనే చుట్టూ చూశాను. కాళ్ల దగ్గర పలక కనబడింది. దాన్ని సందులోకి దించాను. జారడం ఆగింది. పడవ కాస్త ఒరిగి, ముందుకు కదిలింది.

"గాలి పక్కకు నూకుతది. గీ పలక నీళ్లల్ల అడ్డం నిలవడి జారనియ్యది. ఇగ ముందుకే పోవాలె" అన్నాడు మామ.

ఒడ్డు తగలగానే దిగి మామకు దూరంగా నడిచాను. తెలిసీ చెప్పలేదని కోపం. మామ పడవను పైకి లాగుతుంటే, వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన నన్ను పిలిచాడు.

"బుగులువడ్డవా బిడ్డా? మీ మామ తెల్లారకముందే వచ్చి మీ పడవ జారిన గా పక్కంత నీళ్లల్ల దిగి గడకర్రతోని కొలిసిండు. యాడ గూడ నడుము లోతు దాటలే."

మామ వైపు చూశాను. లుంగీ మీద నడుము దాకా ఎండిన బురద చారలున్నాయి.

తర్వాత కోదాడలో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో చాలా ఏళ్లు పనిచేశాను. పిల్లలు వైర్లు తప్పుగా కలుపుతుంటే వెంటనే అడ్డుపడేదాన్ని కాదు. వాళ్లు రాకముందే కరెంటు ప్రమాదం లేనంతకు తగ్గించి పెట్టి, పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. పోయిన వారం మనవరాలు సైకిల్ నేర్చుకుంటానంది. పొద్దున్నే వెళ్లి, గ్రౌండంతా ఒకసారి నడిచి, గాజుపెంకులు ఏరి వచ్చాను. ఆ సంగతి దానికి చెప్పలేదు.